కాలువ పడవల కథ: వాని పోషణము, పరిరక్షణము



సికింద్రాబాదులోని మారేడ్‌పల్లియందు నివసించువాడు కాలువ పడవలనుగూర్చి ప్రసంగింపబూనుట మీలో కొందరికి వింతగా దోచవచ్చును. ఇది మెట్ట ప్రదేశము. ఇచ్చట రాతిగుట్టలును, చెరువులునే కాని సరకుపడవలు నడచు కాలువ యెన్నడును లేదు. అయినను నీటికి ఎల్లలు లేవు. మా పేటలో కురిసిన వాన వాగులవెంట బారి మూసీనది జేరును. ఆ మూసీ నల్లగొండ సీమలో వాడపల్లి కడ కృష్ణవేణిలో సంగమించును. ఈ వాడపల్లికే వజీరాబాదని మరియొక పేరు. అచ్చటినుండి విజయవాడ వరకుగల 157 కిలోమీటర్ల కృష్ణానదీ భాగమును 2008వ సంవత్సరమున మన పార్లమెంటు నాలుగవ జాతీయ జలమార్గములో జేర్చినది. కావున మా మెట్టవారికిని ఆ పల్లపు పడవలకును సంబంధము బొత్తిగా లేదనుట న్యాయము కాదు.

నేడు నేను మనవి చేయదలచినది కేవలము గతవైభవ ప్రశంస కాదు. మన కాలువలమీద నూరేండ్లకు పైగా తిరిగిన కొయ్యపడవలు ఎట్లు పుట్టినవి, వానిని కలిగియుండుట యనగా నేమి, అవి ఎందుచేత అంతరించుచున్నవి, మిగిలినవానిని నిలుపుకొను మార్గమేమి యను నాలుగు విషయములను వరుసగా విన్నవించెదను. శిలాశాసనమును నిలుపవలెనన్న దాని జోలికి పోకుండిన చాలును. పడవ అట్టిది కాదు. చేయిపడనిదే పడవ నిలువదు. ఈ భేదమును గుర్తింపకుండుటచేతనే మనము శాసనములను కొంతవరకు రక్షించుకొని, పడవలను పోగొట్టుకొనుచున్నాము.

ఆంధ్రులకు నావలు కొత్తవి కావు. శాతవాహనరాజైన యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు స్తంభముల ఓడ బొమ్మ కలదు. కాకతి గణపతిదేవుడు 1244వ సంవత్సరమున మోటుపల్లి రేవునందు సముద్ర వర్తకులకు అభయశాసనము వ్రాయించెను. తూర్పుతీరమున కోరంగి నావల నిర్మాణమునకు పేరు మోసి, 1839వ సంవత్సరపు నవంబరు తుపానులో ఘోరముగా నాశనమయ్యెను. అయితే ఇవి యన్నియు కడలి ఓడల కథలు. కాలువ పడవ వేరు. అది మనుష్యుడు త్రవ్విన నీటిదారికై, ఆ దారి లోతునకును వెడల్పునకును తగినట్లు చేయబడిన వాహనము. దాని చరిత్ర మన దేశమున పందొమ్మిదవ శతాబ్దమునందు ఆరంభమైనది.

సికింద్రాబాదునకు సికందర్ జా పేరు పెట్టబడిన 1806వ సంవత్సరముననే చెన్నపట్టణమున బేసిల్ కాక్రేన్ అను వర్తకుడు పట్టణమునుండి ఎన్నూరు వరకు ఉప్పునీటి కాలువ నొకదానిని త్రవ్వించుట కారంభించెను. అది తొలుత అతని పేరిటనే కాక్రేను కాలువ యని పిలువబడెను. 1837లో ప్రభుత్వము దానిని తన యధీనము చేసికొని, ఉత్తరముగా పులికాటు సరస్సువైపునకును, పిమ్మట ఆ పైకిని పొడిగించెను. బకింగుహాము కాలువకు ఇదియే మొదలు.

కాలువయానము మన జిల్లాలలో మూలమూలకు వ్యాపించుటకు కారకుడు సర్ ఆర్థర్ కాటను. 1832-33లో గుంటూరు సీమను పాడుచేసిన కరవును, ఆ తరువాత గోదావరి మండలమున వచ్చిన తుపానులను, కాటకములను అధికారులు మరువలేకుండిరి. గోదావరికి ఆనకట్ట కట్టి నీటిని పొలములకు మరల్పవలెనని కాటను సర్కారును ఒప్పించెను. ధవళేశ్వరముకడ 1847లో పని మొదలై 1852లో పూర్తియయ్యెను. కూలివారిని సమకూర్చి పని నడిపించుటలో వీణెం వీరన్నగారు చేసిన సేవ నేటికిని ఆ ప్రాంతమువారు స్మరింతురు. వెంటనే బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట ప్రారంభమై 1855లో ముగిసెను.

కాటను దృష్టిలో కాలువకు రెండు ప్రయోజనములు. ఒకటి పైరునకు నీరిచ్చుట, రెండవది సరకులను మోయుట. పంట పండించిన నీరే ఆ పంటను అంగడికి జేర్పవలెనని అతని సిద్ధాంతము. ఇనుపదారులకన్న నీటిదారులే ఈ బీదదేశమునకు చవుకయని అతడు తుదివరకు వాదించెను. 1878లో ఇంగ్లండు పార్లమెంటువారి విచారణ సంఘము నెదుటను ఆ మాటయే చెప్పెను. గోదావరి డెల్టాలో పడవ నడచు కాలువలు సుమారు 500 మైళ్ళు ఏర్పడినవనగా, ఆ సిద్ధాంతము కాగితముమీదనే నిలిచిపోలేదని తెలియుచున్నది.

ఇంతలో 1876-78 సంవత్సరముల మహాక్షామము వచ్చెను. మన పెద్దలు ధాత కరవని చెప్పుకొన్నది ఇదియే. ఆకలిగొన్న జనులకు కూలి కల్పించుటకై చెన్నపట్టణములో కూవము, అడయారు నదులను కలుపు భాగమును త్రవ్వించిరి. ఆనాటి గవర్నరగు బకింగుహాము ప్రభువు పేర 1878లో కాలువకు క్రొత్త పేరు వచ్చెను. తుదకది ఉత్తరమున పెదగంజామునుండి దక్షిణమున మరక్కాణము వరకు సుమారు 420 కిలోమీటర్ల పొడవుగలదయ్యెను. ఈ కాలువ మట్టిలో కరవునాటి కూలివారి చెమట కలదని మనము మరువరాదు.

ఇప్పుడు ఆ దారిని మనస్సులో ఒకమారు నడచి చూడుడు. కాకినాడలో పడవ యెక్కినవాడు కాకినాడ కాలువపై ధవళేశ్వరము చేరును. ఆనకట్టకు ఎగువను గోదావరిని దాటి విజ్జేశ్వరముకడ ఏలూరు కాలువలో బ్రవేశించును. గోదావరి నీరును కృష్ణనీరును ఏలూరియొద్ద కలిసికొనును. 139 కిలోమీటర్ల ఆ కాలువ ముగిసినచోట బెజవాడ. అచ్చట కృష్ణను దాటి సీతానగరమువైపున దుగ్గిరాలమీదుగా పోవు కొమ్మమూరు కాలువ పట్టి, 113 కిలోమీటర్లు నడచి, పెదగంజాముకడ ఉప్పునీటిలో దిగును. అచ్చటినుండి కృష్ణపట్నము, దుగరాజపట్నము, శ్రీహరికోట, పులికాటు మీదుగా చెన్నపట్టణము. ఒక్క సముద్రపుటల తగులకుండ, కాకినాడ బియ్యము చెన్నపట్టణపు కొట్టులోనికి ఈ విధముగా చేరగలిగెడిది. ధాన్యము, ఉప్పు, సున్నపు గుల్ల, కొబ్బరి, సరుగుడు కట్టెలు ఈ దారిన నడచెను. శ్రీహరికోట అడవుల కట్టెలే చాలకాలము చెన్నపట్టణపు పొయ్యిలను వెలిగించినవి.

మా తెలంగాణ ప్రాంతమునందును ఇట్టి యత్నమొకటి జరిగినది. గోదావరిని సముద్రమునుండి మధ్యపరగణాల వరకు పడవదారిగా జేయవలెనని కాటను తలచెను. 1860లో నిజాము ప్రభుత్వముతో కుదిరిన ఒడంబడికచే గోదావరిపై రాకపోకల కడ్డముగనున్న సుంకములు తొలగినవి. నదిలోని రాతి అడ్డులను తప్పించుటకు భద్రాచలమునకెగువ దుమ్ముగూడెముకడ ఆనకట్టయు, లాకులును కట్టిరి. కాని పైయడ్డులకడ వ్యయము మితిమీరెను. 1871లో సర్కారు ఆ పనిని మానివేసెను. నీటిదారులన్నియు జయప్రదములైనవనుకొనుట పొరపాటని దుమ్ముగూడెపు రాళ్ళు మనకు బోధించుచున్నవి. ఏ దారియైనను దానిని వాడుకొను సరకును, పోషించు ధనమును ఉన్నంతవరకే నిలుచును.

ఇక పడవ సంగతి. దానిని తెలిసికొనుటకు ముందు లాకును తెలిసికొనవలెను. లాకనగా రెండు జతల తలుపులుగల రాతితొట్టి. ఎగువనుండి వచ్చిన పడవ తొట్టిలో జొరగానే వెనుకతలుపులు మూయుదురు. పిమ్మట దిగువతలుపుల తూములెత్తుదురు. తొట్టిలోని నీరు మెల్లగా తగ్గును, నీటితోపాటు పడవయు దిగును. లోపలి నీరును దిగువకాలువ నీరును సమమైనపుడు తలుపులు తెరచి పడవను సాగనంపుదురు. ఎగువకు పోవుపడవకు ఈ క్రమమే తలక్రిందులు. ఎంత బరువుగల పడవనైనను నీటిచేతనే ఎత్తించు ఈ యుపాయములో ఎద్దు శ్రమ లేదు, బొగ్గు ఖర్చు లేదు.

పడవ ఎంత వెడల్పుండవలెనో లాకుతొట్టి నిర్ణయించును. ఎంత లోతు మునుగవచ్చునో కాలువ అడుగు నిర్ణయించును. వంతెనల ఎత్తు తెరచాపకొయ్యను శాసించును. అందుచేత కాలువ పడవ కడలి నావవలె లోతుగాక, అడుగు చదునై, పొడవుగా నుండును. సరకు తడియకుండ తాటాకుతోగాని వెదురు తడకలతోగాని గుడిసెవలె కప్పు వేయుదురు. తెరచాపకొయ్యను వంతెనకడ దించి, దాటినపిమ్మట మరల నిలుపుదురు. అనుకూలమైన గాలియున్నపుడు చాప, గాలి లేనపుడు గెడ, గాలియెదురైనపుడు గట్టుమీదినుండి తాడు. ఇవియే దాని యంత్రములు. పడవను చూచిన చాలును, అది పుట్టిన కాలువ యెట్టిదో చెప్పవచ్చును.

తాడు లాగుటనుగూర్చి ఒకమాట చెప్పక తప్పదు. పూర్వపు పడవప్రయాణమును మనము ముచ్చటగా తలచుకొందుము. వెన్నెలరాత్రి, నీటిచప్పుడు, కప్పుమీద పండుకొన్న ప్రయాణికుడు జ్ఞాపకము వత్తురు. గట్టుమీద భుజమున తాడువేసికొని, ముండ్లలోను బురదలోను వంగి నడచిన మనుష్యుడు జ్ఞాపకమునకు రాడు. వాని కాలిబలముచేతనే ఆ ప్రయాణము సాగినది. పడవ చరిత్రను వ్రాయువారు యజమాని పేరుతోపాటు లాగినవాని సంగతియు వ్రాయవలెను. లేనిచో అది సగము చరిత్రయే యగును.

పడవను కలిగియుండుట యనగా నేమి? భూమి కొన్నవాడు పట్టా చేతికి రాగానే నిశ్చింతుడగును. పడవ కొన్నవానికి చింత ఆనాడే మొదలగును. ఈ విషయమున పడవకాపు ఎడ్లకాపువంటివాడు. ఎద్దునకు మేతయెట్లో పడవకు మరమ్మతట్లు. 1890వ సంవత్సరపు మద్రాసు కాలువల, రేవుల శాసనముచే కాలువలపై నడచు పడవలకు రిజిస్టరీయు, లైసెన్సును, సుంకములును ఏర్పడినవి. లైసెన్సు నెంబరులేని పడవ లాకు దాటుట కష్టము. సుంకము, లైసెన్సు రుసుము, సరంగునకు కళాసీలకు బత్తెము, చాపగుడ్డ, తాళ్ళు మొదలైన వ్యయములన్నియు కిరాయిలోనుండి పోవలెను. మిగిలినదే యజమానికి లాభము.

ఆ మిగిలినదానిలోనుండి యేటేట పడవకు తిరిగి పెట్టవలసినది కొంత యున్నది. డెల్టాలో వేసవిని కాలువలు కట్టివేయుదురు. ఆ దినములలో రైతునకు పొలముపని తక్కువ. పడవవానికిమాత్రము అసలు పని అప్పుడే. నీరు తగ్గగానే పడవను ఒడ్డుకు చేర్చి, అడుగు గీకి, చివికిన పలకలను తీసి క్రొత్తవి వేయుదురు. పలకల సందులలో నార దట్టించి, గుగ్గిలమును నూనెయు కలిపి కాచినదిగాని కీలుగాని పూయుదురు. తుప్పుపట్టిన మేకులను మార్తురు. కాలువలు వదలునాటికి పడవ నీటికి సిద్ధము కావలెను. ఈ వార్షిక సంస్కారమే పడవకు ప్రాణము. మన గ్రామములలో ఇంటికప్పు ఏటేట నేయించినట్లే యిదియు. ఒక్కయేడు మానిన మరుసటియేడు రెట్టింపు ఖర్చు, రెండేండ్లు మానిన వడ్రంగి తల త్రిప్పివేయును.

కొయ్యపడవకు శత్రువులు ముగ్గురు. మొదటిది ఎండ. నీటినుండి తీసి మిట్టపై నెండబెట్టిన పడవ పలకలు ముడుచుకొని సందులు విచ్చును. రెండవది వాననీరు. కప్పులేక లోపల నిలిచిన వాననీటివలన కొయ్య లోలోపల చివుకును. మూడవది ఉప్పునీటిలోని కొయ్యపురుగు. అది పలకను పైకి తెలియకుండ తొలిచి జల్లెడచేయును. గోదావరి కాలువల తీపినీటిలో తిరుగు పడవకు మూడవ శత్రువు బాధ లేదు. బకింగుహాము కాలువ పోటుపాటులుగల ఉప్పునీటిది. కాబట్టి అచ్చటి పడవకు అడుగున పూత తప్పరాదు. ఈ సంగతి తెలిసినవారు కొన్నిచోట్ల పని లేని దినములలో చిన్నపడవలను తీపినీటిలో ముంచియుంచి కాపాడెడివారు. ఎండలో నుంచుటకన్న నీట ముంచుటయే మేలను మాట వినుటకు వింతగానున్నను, అనుభవము దాని వెనుక నున్నది.

ఇట్లు నిలిచిన వృత్తి యెందుచే క్షీణించెను? మొదటి దెబ్బ రైలుది. వాడినుండి సికింద్రాబాదునకు 1874లో వచ్చిన ఇనుపదారి, నిజాము రైల్వేగా 1889లో బెజవాడ వరకు సాగెను. 1899లో బెజవాడను చెన్నపట్టణముతో కలుపు దారియు, 1900లో రాజమహేంద్రవరముకడ గోదావరి వంతెనయు తెరువబడెను. దూరప్రయాణము రైలుపాలయ్యెను. అయినను పడవ వెంటనే చావలేదు. రైలు స్టేషనులేని లంకలకును పల్లెలకును అదియే దిక్కు. మొక్కపాటి నరసింహశాస్త్రిగారు 1924లో మొదటిభాగము ప్రకటించిన బారిష్టరు పార్వతీశము చదివినవారికి, సీమకు బయలుదేరిన ఆ పడుచువాడు సయితము మొదట కాలువదారినే నిడదవోలు చేరి రైలెక్కినట్లు జ్ఞాపకముండును. ఒక తరమువారికి లోకమునకు గడప పడవరేవే.

రెండవ దెబ్బ లారీది. కాలువగట్టే రోడ్డుగా మారి, లారీ ఇంటిముంగిటికి వచ్చుటతో రేవుదాక బండికట్టు అవసరము తప్పెను. ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగునను సామెత మన కన్నులయెదుటనే నిజమయ్యెను. మూడవ దెబ్బ ప్రకృతిది. 1965-66 సంవత్సరములలోను 1976లోను వచ్చిన తుపానులు బకింగుహాము కాలువను చెడగొట్టినవి. పూడిక తీయువారు లేకపోయిరి. చెన్నపట్టణములో కాలువగర్భముననే పట్టణపు రైలుదారి స్తంభములు నాటబడినవి. డెల్టాకాలువలను గుర్రపుడెక్క ఆక్రమించెను. లాకుతలుపులు తుప్పుపట్టినచోట పడవకు దారి మూసికొనిపోయెను. దారి తెగిన పడవ ఒక పాయలో చిక్కి, అచ్చటనే చివికిపోవుట తప్ప గతి లేదు.

ఓడ యెక్కునంతవరకు ఓడమల్లయ్య, దిగినపిమ్మట బోడిమల్లయ్య యను లోకోక్తి మనవారు ఊరక కల్పింపలేదు. మనలను నూరేండ్లు మోసిన కాలువను మనము చెత్తవేయుటకు వాడుకొనుచున్నాము. అది మాత్రము మనలను మరువలేదు. 2004వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీన సునామి వచ్చినపుడు, తీరమునకు సమాంతరముగానున్న ఈ బకింగుహాము కాలువ అనేక స్థలములలో సముద్రజలమును తనలో నిముడ్చుకొని, లోపలి పల్లెలపై దాని వేగమును తగ్గించెను.

2008లో కాకినాడనుండి పుదుచ్చేరి వరకుగల కాలువలను, గోదావరిలో భద్రాచలమునుండి రాజమహేంద్రవరము వరకును, కృష్ణలో వజీరాబాదునుండి విజయవాడ వరకునుగల భాగములను కలిపి 1,078 కిలోమీటర్ల జాతీయ జలమార్గముగా శాసించిరి. 2016లో దానిని మరింత విస్తరింపజేసిరి. ఇది సంతోషింపదగినదే. కాని ఈ మార్గము పెద్దయంత్రనౌకలకై యుద్దేశింపబడినది. అది సిద్ధించినను పాత కొయ్యపడవ తనంతట తాను బ్రతుకదు. దానిని వేరుగా తలచుకొనవలసియున్నది.

ఇతర దేశములవారేమి చేసిరో చూతము. ఇంగ్లండులో లాకుల వెడల్పునుబట్టి ఏడడుగుల వెడల్పు, డెబ్బదియడుగుల పొడవుగల ఇరుకుపడవలుండెడివి. అచ్చటను రైలు, లారీలు వానిని మూలబడద్రోసినవి. రోల్టు అను ఇంజనీరు క్రెస్సీ యను పాతపడవను బాగుచేసికొని, 1939లో దానిలోనే కాపురముపెట్టి కాలువలవెంట సంచరించి, చూచినదంతయు వ్రాసి 1944లో పుస్తకముగా బ్రకటించెను. దానిని చదివినవారు కదిలిరి. 1946లో రోల్టును ఐక్మన్ అను నతడును కలిసి దేశీయ జలమార్గముల సంఘమును స్థాపించిరి. సామాన్యజనులు సెలవుదినములలో పారలు పట్టి పూడిన కాలువలను త్రవ్విరి. వందలకొలది మైళ్ళు తిరిగి తెరువబడెను. ఎల్స్‌మియర్ పోర్టులో పడవల ప్రదర్శనశాలయు వెలసినది. ఇందులో గమనింపవలసిన విశేషమొకటి కలదు. ఇంత కదలికకు కారణమైన క్రెస్సీ పడవ కొయ్య చివికి నశించినది. అది నేడు లేదు. దానినిగూర్చి వ్రాసిన వ్రాత నిలిచి ఇతర పడవలను కాపాడినది.

మన పొరుగున కేరళమునందు మరియొక మార్గము త్రొక్కిరి. అచ్చట పలకలను మేకులులేక కొబ్బరిపీచు త్రాళ్ళతో కుట్టి చేసిన ధాన్యపుపడవలను కెట్టువళ్ళములందురు. రోడ్లు వచ్చి వానికి పని పోగా, 1990 తరువాత వానిపై గదులు కట్టి యాత్రికులకు తేలు ఇండ్లుగా మార్చిరి. పని దొరికినది గనుక వడ్రంగికి కూలి దొరికెను, కుట్టు విద్య నిలిచెను. కాని మితిమీరిన పడవలచే సరస్సు నీరు మలినమగుట మొదలైన చిక్కులును వచ్చినవి. మన కోనసీమలోను దిండి మొదలగుచోట్ల ఇట్టి ఇంటిపడవలు కలవు. అవి చూచుటకు సొంపైనవే. అవి కేరళపు పోలికవి. మన కాలువ పడవ పోలికను నిలిపినట్లు కాదు.

పాతకొయ్యను నిలుపుటకు ఇంత ప్రయాస యెందుకు, ఆ సొమ్ముతో ఒక బడిగది కట్టించిన మేలు గదాయని మీరడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఊరూర పదేసి పడవలను నిలుపవలెనని నేననుట లేదు. అది అసాధ్యము. పది పడవలను ఒడ్డున జేర్చి ఎండకు వదలుటకన్న ఒక్కదానిని నీటిపై సరిగా పోషించుట మేలు. ఒక పడవ నీటిపై నిలిచిన దానితోపాటు వడ్రంగి చేతిపని, నారదట్టించు నేర్పు, గాలినెరిగి చాప త్రిప్పు సరంగు విద్య, లాకు కట్టుబడి యివి యన్నియు నిలుచును. వాగు లోతెరుగుట, బరువును సరిగా సర్దుట, వరదనీటిలో ఏ వేళ పడవ వదలరాదో తెలియుట మొదలైన విద్యలు వేడుకకొరకైనవి కావు. 2019వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన పాపికొండలకు పోవుచున్న విహారపులాంచి వరదగోదావరిలో కచ్చులూరుకడ మునిగి పలువురు ప్రాణములు గోల్పోయిన విషాదము మనమెరుగుదుము. నీటినెరిగిన తరము పోయినచో నీటిపై ప్రయాణము మరింత ప్రమాదకరమగును.

కనుకనే పడవను నిలుపువారు చట్టమునుగూడ పాటింపవలెను. 1917నాటి పాతశాసనమునకు బదులుగా 2021లో దేశీయ నౌకల చట్టము వచ్చినది. యంత్రపడవలకు రిజిస్టరీ, తనిఖీ, బీమా మొదలైనవానిని ఇది విధించినది. యంత్రము లేని పడవల విషయమున కొన్ని పనులను స్థానిక సంస్థలకు అప్పగించుటకును వీలుకల్పించినది. అనగా గ్రామపంచాయతికి ఇందులో చోటున్నది. పాతపడవయని చెప్పి, తనిఖీలేక జనులనెక్కించుట సంరక్షణము కాదు. అది అపాయము.

పెద్దలారా, మీరు చేయదగినవి కొన్ని మనవిచేసి ముగించెదను. మొదటిది, మీ కాలువపైనగాని పాయలోగాని పాతపడవ మిగిలియున్నచో దానిని వంటచెరకుక్రింద అమ్మివేయుటకు ముందు కొలువుడు. పొడవు, వెడల్పు, లోతు, పలకల మందము, ఏ భాగమునకు ఏ కొయ్య వాడిరో వ్రాయుడు. నాలుగువైపులనుండి ఛాయాచిత్రములు తీయింపుడు. పడవ పోయినను ఈ కొలతలనుబట్టి నిపుణుడైన వడ్రంగి మరియొకదానిని చేయగలడు. తాళ్ళరేవు, కోరంగి ప్రాంతములందు కొయ్యనావలు కట్టు విద్య వంశపారంపర్యముగా వచ్చినది. ఆ చేతులున్నంతవరకే ఈ కొలతలకు విలువ.

రెండవది, మాటలను కూర్పుడు. పడవలోని ప్రతి భాగమునకు, ప్రతి ముడికి, ప్రతి గాలికి పడవవారికొక పేరున్నది. ఆ పేర్లు ఊరూర మారును, నిఘంటువులలో అన్నియు దొరకవు. ఎనుబదియేండ్ల సరంగును అరుగుమీద కూర్చుండబెట్టి, పడవను ముందునుండి వెనుకకు చెప్పుమని యడిగి, బడిపిల్లవానిచేత వ్రాయింపుడు. తాడులాగినవానిని, సరకు మోసిన కూలివానిని, లాకుకడ చిల్లరకొట్టు నడిపిన అవ్వను కూడ అడుగుడు. యజమానుల లెక్కపుస్తకములు, లైసెన్సు కాగితములు, సుంకపు రసీదులు అటకలమీద చెదలపాలగుచున్నవి. అవి చరిత్రకు శాసనములవంటివి.

మూడవది, లాకులను చూచుకొనుడు. రాతికట్టడము చెడకున్నను తలుపులు పోయినచో లాకు చచ్చినట్లే. నీటిపారుదల శాఖవారు కాలువకు మరమ్మతు చేయునపుడు, పాతతలుపుల బొమ్మగీయించి, రాళ్ళపై చెక్కిన సంవత్సరములను సున్నముతో పూడ్చివేయకుండునట్లు గ్రామసభ కోరవచ్చును. ఇందుకు పెద్దవ్యయము లేదు.

నాలుగవది, ఒక కాలువకు ఒక్క పడవనైనను నీటిమీద నిలుపుడు. నీడకు కప్పువేసి, వాననీరు తోడి, కాలువలు కట్టిన దినములలో నారదట్టించి, సంవత్సరమునకొకమారైనను నడిపింపవలెను. ఒక్కనివలన కాకున్న పదిమంది చందాతో చేయవచ్చును. ఆలయమునకు ఉత్సవరథమును నిలుపుకొన్న జాతికి ఇది కొత్త పని కాదు. రథమును గూడ ఏడాదికొకమారే లాగుదుము, ఏడాది పొడుగున కాపాడుదుము. రథశాల కట్టించిన పెద్దలే పడవశాలయు కట్టింపగలరు.

పడవ నిలువవలెనన్న కాలువ పారవలెను. కాలువ పారవలెనన్న దానివలన పనిగల జనులుండవలెను. ఆ జనులకు పని నేర్పవలెనన్న తెలిసిన పెద్దవారు చెప్పియుండవలెను. ఈ మూడింటిలో మొదటి రెండును ప్రభుత్వముల చేతిలోను, కాలము చేతిలోను కొంతవరకున్నవి. మూడవది మీ చేతిలోనే యున్నది. రానున్న వేసవిలో కాలువలు కట్టువేళకు మీ యూరి వృద్ధ సరంగును పలుకరించి, అతడు చెప్పినది కాగితముమీద పెట్టుడని ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాను.